సగటున ఆకుపచ్చ

మానవ నాగరికతను నిప్పుతోనూ చక్రంతోనూ కొలిచే అలవాటు ఇక మానుకోవాలి. మనిషి తాను తినబోయే కూరలోంచి ఒక చెంచాడు తీసి, నీళ్ళలో కలిపి, ఆ చుక్కలోంచి ఎంత కరెంటు పారుతోందో చూసుకుని, ఆ తరువాతనే ప్రార్థన చేసుకుని భోజనానికి కూర్చోగలిగిన నాడే నాగరికత పూర్తయినట్టు లెక్క. ఆ లెక్కన ప్రపంచంలో మొట్టమొదట నాగరికులమైంది మేమే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, టోర్‌వాల్డ్ లేక్ అనే ఊళ్ళో, బేతనియ లూథరన్ చర్చి సభ్యులం. (గొప్పలు చెప్పుకోవడం ఇక్కడ మర్యాద కాదు. అందుకని ఈ మాట ఒక్కసారే చెబుతున్నాను.)

మా చర్చి నేలమాళిగలో ప్రతి బుధవారం సాయంత్రం ఉమ్మడి భోజనం ఉంటుంది. ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చి పొడవాటి బల్ల మీద పెడతారు. గిన్నె అడుగున ఇంటిపేరు రాసిన టేపు ముక్క అంటించి ఉంటుంది. భోజనాలయ్యాక గిన్నె ఖాళీగా ఇంటికి వెళితే ఆ ఇల్లాలికి అంతకంటే గౌరవం లేదు. నిండుగా వెనక్కి వెళ్ళిన గిన్నె గురించి ఎవరూ మాట్లాడరు. మంచు కరిగేదాకా మాట్లాడరు.

ఈ బల్ల మీది తిండి తినలేని మనిషి మా చర్చిలో ఒక్కరే ఉన్నారు. పేరు డెల్విన్ రడ్. ఊళ్ళో సగం మందిని చిన్నప్పుడు బడి బస్సులో దింపి, వాళ్ళ పిల్లల్ని కూడా దింపి, రిటైరైన పెద్దమనిషి. ఆయనకు వేరుశనగ పడదు. పడదంటే, దద్దుర్లు లేచి తగ్గిపోయే రకం కాదు. గొంతు వాచి ఊపిరాడకుండా చేసే రకం. అందుకని తొడకు పొడుచుకునే మందు సూది ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో పెన్నులాగా పెట్టుకుని తిరుగుతాడు.

భార్య ఆర్డిస్ బతికున్నన్నాళ్ళూ ఆయన పళ్ళెం ఇంటి దగ్గరే సిద్ధం చేసి, పైన రేకు కప్పి తెచ్చి, పక్కన కూర్చుని తినిపించేది. ఆర్డిస్ పోయింది. డెల్విన్ మాత్రం బుధవారాలు రావడం మానలేదు. కోటు జేబులోంచి శాండ్‌విచ్ తీసి, బల్ల చివర కూర్చుని తినేవాడు. దారిన పోయే ప్రతివాళ్ళూ "అదేంటి డెల్విన్, ఏమీ వడ్డించుకోలేదే?" అని అడిగేవారు. "అబ్బే, ఆకలిగా లేదు," అనేవాడాయన, శాండ్‌విచ్ నములుతూ. (అడిగినవాళ్ళకి కారణం తెలుసు. అడక్కపోతే పట్టించుకోలేదనుకుంటాడని అడిగేవారు. నిజం చెబితే అడిగినవాళ్ళు నొచ్చుకుంటారని ఆయన చెప్పేవాడు కాదు. మా ఊళ్ళో సంభాషణలు ఇలాగే సుఖంగా జరుగుతాయి.)

ఆర్డిస్ జ్ఞాపకార్థం జనం ఇచ్చిన విరాళంతో చర్చికి ఏదైనా కొనాలి. ఆనవాయితీ ప్రకారం అది కాఫీ కాచే పెద్ద పాత్ర అవుతుంది. అలాంటివి మాకు అప్పటికే అల్మారా నిండా ఉన్నాయి. మా పాస్టరు కారిన్ గారు డెల్విన్‌నే అడిగింది, మీకేం కావాలి అని. ఆయన టోపీ చేతుల్లో తిప్పుతూ, నేల చూస్తూ చెప్పాడు.

"నాకు మీ అందరితో కలిసి ఆ బల్ల మీది తిండి తినాలనుంది, పాస్టరుగారూ. ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే."

డెల్విన్ జీవితంలో ఏదైనా కావాలని అడగడం మాకు తెలిసి అదే మొదలు. ఆ మాట విని పాస్టరు గారు ముక్కు తుడుచుకుంది. యంత్రం కొన్నాం.

యంత్రం సబ్బుబిళ్ళంత ఉంటుంది. దానిలోకి వేలెడు పొడవున్న పట్టీ దూర్చాలి. పట్టీ చివర సన్నని బంగారు పూత, పూత మీద వేరుశనగను తప్ప మరి దేన్నీ పట్టుకోని పదార్థం. తిండిని ద్రవంలో కలిపి ఒక చుక్క వేస్తే, అందులో వేరుశనగ ఆనవాలున్నంత మేరకు అది పట్టీకి అతుక్కుంటుంది. అతుక్కున్నకొద్దీ పట్టీలోంచి పారే కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో యంత్రం ఒక అంకె వేసి చెబుతుంది. ఆనవాలు లేకపోతే ఆకుపచ్చ దీపం, ఉంటే ఎర్ర దీపం, దానితోపాటు కూత. గింజలో వెయ్యో వంతు తగిలినా పసిగడుతుందట. వండినవారి వయసు, చర్చిలో వారి హోదా, వారు ఎన్నేళ్ళుగా ఆ వంటకం తెస్తున్నారు అన్న విషయాలు పసిగట్టే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఇంత పెద్ద లోపంతో దాన్ని మార్కెట్లోకి ఎలా వదిలారో మాకిప్పటికీ అర్థం కాలేదు.

యంత్రాన్ని నడిపే కొలతల బాధ్యుడిగా గేలెన్ ట్వైట్‌ను ఎన్నుకున్నాం. గేలెన్ ధాన్యపు గోదాములో తేమ కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. లారీ నిండా మొక్కజొన్న తెచ్చిన రైతుతో, "నీ గింజ తడిగా ఉంది, వెనక్కి తీసుకుపో," అని మొహం మీదే చెప్పిన ధీరుడు. కానీ మొక్కజొన్న వేరు. బుధవారం వేరు.

మొదటి బుధవారం నేను వంటగదిలో గేలెన్‌కు సాయంగా నిలబడ్డాను. నా నిమ్మకాయ అన్నంలో వేరుశనగ గుళ్ళున్నాయని ముందే చెప్పాను కాబట్టి, దాన్ని పరీక్ష లేకుండానే కోట్లు తగిలించే గదిలోకి పంపించారు. (గుంటూరులోనూ లూథరన్లమే, ఇక్కడా లూథరన్లమే. అయినా నా గిన్నె గొడుగుల పక్కన కూర్చోవలసి వచ్చింది. నిజం ముందుగా చెప్పడం ఇక్కడ కాస్త తొందరపాటు కింద లెక్క.)

ఉడికించిన క్యారెట్లు ఆకుపచ్చ. బన్నులు ఆకుపచ్చ. హాట్‌డిష్ అని ఇక్కడ పిలుచుకునే మాంసం, చిక్కుళ్ళు, బంగాళదుంపల వంటకాలు ఏడెనిమిది వస్తే, అవన్నీ ఆకుపచ్చే. గేలెన్ ఈల కూడా వేస్తున్నాడు. అంతలో యంత్రం కూసింది.

"ఎరుపొచ్చింది," అన్నాడు గేలెన్, ఎవరో పోయారన్నంత నెమ్మదిగా.

"ఏ గిన్నె?"

"చెప్పేలాంటిది కాదు."

"చెప్పకపోతే ఎలాగండీ?"

గేలెన్ పళ్ళెం కొద్దిగా పైకెత్తి అడుగు చూపించాడు. టేపు మీద 'స్కోగ్మో' అని ఉంది. ఖర్జూరం బిళ్ళలు. వెర్నా స్కోగ్మోవి.

వెర్నా మా వంటగది పెద్ద. ఆ చర్చిలో పాస్టర్లు మారారు, పైకప్పు మారింది, పాటల పుస్తకం మారింది. వెర్నా మారలేదు. ఆవిడ ఖర్జూరం బిళ్ళలు లేకుండా ఊళ్ళో ఒక్క శవమూ మట్టికి వెళ్ళలేదు.

"ఇంకోసారి చూడండి," అన్నాను.

గేలెన్ ఇంకోసారి చూశాడు. ఎరుపే. మళ్ళీ చూశాడు. మా దగ్గర ఏదైనా ఇస్తే రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకోవడం పద్ధతి. యంత్రానికి కూడా ఆ మర్యాద ఇచ్చి చూశాం. మూడోసారి కూడా అది ఏమాత్రం మెత్తబడకుండా ఎర్రగా కూసింది.

ఆ కూతకు వెర్నా లోపలికి వచ్చింది. "ఏంటి, ఇద్దరూ గుసగుసలు? నా బిళ్ళలు కుదర్లేదా?"

"అబ్బెబ్బే," అన్నాడు గేలెన్. "చాలా బాగున్నాయి వెర్నా. అదొక… వేరే రకంగా ఉన్నాయి."

మా ప్రాంతంలో ఒక వంటకాన్ని 'వేరే రకంగా ఉంది' అనడం కంటే ఘోరమైన తిట్టు లేదు. వెర్నా మొహం మాడింది.

"వేరే రకమా? మా అత్తగారి నాటి నుంచి ఇదే రకం కదయ్యా!"

"బిళ్ళలు కాదు వెర్నా, యంత్రం వేరే రకంగా ఉందంటున్నా," అని సర్దుకున్నాడు గేలెన్. ఆయన చెవులు యంత్రం దీపం రంగులోకి వచ్చాయి.

వెర్నా వెళ్ళగానే, ఖాళీ పళ్ళెం పట్టుకుని డెల్విన్ వంటగదికీ హాలుకీ మధ్యనున్న వడ్డన కిటికీ దగ్గరకు వచ్చాడు. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. "ఏది తినొచ్చంటావు గేలెన్?"

క్యారెట్లు తినొచ్చు, బన్నులు తినొచ్చు, ఖర్జూరం బిళ్ళలు తప్ప ఏదైనా తినొచ్చు అని చెప్పవచ్చు. చెబితే డెల్విన్ ఆ ఒక్కటీ వదిలి అన్నీ వడ్డించుకుంటాడు. అది హాలంతా చూస్తుంది. వెర్నా కూడా చూస్తుంది.

"ఇంకా… పరిశీలనలో ఉంది," అన్నాడు గేలెన్.

"తొందరేం లేదులే," అన్నాడు డెల్విన్. పళ్ళెం దొంతర మీద పెట్టేసి కోటు దగ్గరకు వెళ్ళాడు, శాండ్‌విచ్ కోసం.

ఇలా నడవదని, కొలతల ఉపసంఘం వెంటనే సమావేశమైంది. పాస్టరు కారిన్ గారు, గేలెన్, నేను. సమావేశానికి కాఫీ పోస్తున్నది వెర్నా కనుక, ఖర్జూరం బిళ్ళలను మేం 'ఒకానొక తీపి పదార్థం' అనే పిలుచుకున్నాం.

"ఒకానొక తీపి పదార్థం తెచ్చినవారితో నేను విడిగా మాట్లాడనా?" అంది పాస్టరు గారు.

"మాట్లాడి ఏమంటారు?" అన్నాడు గేలెన్.

పాస్టరు గారు కిటికీలోంచి వెర్నాను చూసింది. వెర్నా కత్తితో కేకు కోస్తోంది. "ప్రార్థనలో పెట్టుకుంటాను," అంది పాస్టరు గారు.

యంత్రాన్నే కాస్త మర్యాదస్తురాలిని చేయవచ్చేమో కనుక్కుందామని గేలెన్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. స్పీకర్ మీద పెట్టాడు. అవతల ఎవరో చిన్నమ్మాయి.

"ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఇంకేదైనా రంగు పెట్టుకునే వీలుందా అమ్మా? లేత గులాబీ లాంటిది?"

"లేదండీ. ఉంటే ఉంది, లేకపోతే లేదు."

"ఉండీ లేనట్టుంటే?"

"సార్, తినబోయే మనిషికి ఎలర్జీ ఉందా?"

"ఉంది."

"మరి ఎరుపొస్తే తినొద్దని చెప్పండి."

ఆ అమ్మాయి ఏ ఊరిదో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. బహుశా అమెరికాలో మొహమాటం ఎరగని ఆ తూర్పుతీరం అయ్యుంటుంది.

అందువల్ల నియమాలు మేమే రూపొందించుకున్నాం. మొదట, కూత వండినవారి మనసును గాయపరుస్తుంది కనుక, యంత్రానికి కూసే రంధ్రం మీద టేపు అంటించాం. తరువాత, ఎర్ర దీపం వేలెత్తి చూపించినట్టుందని ఒక అభిప్రాయం రాగా (అభిప్రాయం గేలెన్‌ది), దీపం మీద కూడా అంటించాం. మిగిలింది అంకె. అంకెలకు రంగూ రుచీ ఉండవు కనుక వాటిని కొనసాగించవచ్చని తీర్మానమైంది. అయితే ఫలానా గిన్నెకు ఫలానా అంకె అని చెప్పడం పోలికకు దారి తీస్తుంది. పోలిక గర్వానికీ, గర్వం పాపానికీ దారి తీస్తాయి. కాబట్టి అంకెలను గిన్నెలకు కాక మొత్తం బల్లకు ఆపాదించాలి.

అక్కడే గేలెన్‌కు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. అన్ని వంటకాల అంకెలూ కూడి, వంటకాల సంఖ్యతో భాగిస్తే?

భాగించాడు. క్యారెట్ల పుణ్యాన, బన్నుల పుణ్యాన, ఎవరూ ముట్టని నిమ్మ జెల్లీ పుణ్యాన, ఖర్జూరం బిళ్ళలు సమాజంలో కలిసిపోయాయి. బల్ల సగటున ఆకుపచ్చగా తేలింది.

"దేవుడు కూడా మనల్ని ఇలాగే చూస్తాడేమో," అంది పాస్టరు గారు, నిజంగా కదిలిపోయి. ఆ ఆదివారం ప్రసంగం దాని మీదే.

అప్పటి నుంచి ప్రతి బుధవారం భోజనానికి ముందు గేలెన్ గంట కొట్టి, "ఈ రోజు బల్ల మొత్తం మీద ఫరవాలేదు," అని ప్రకటించడం మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టేవారు. సగటు కాస్త ఎర్రబడేలా ఉన్న రోజున కుళాయి నీళ్ళను కూడా ఒక వంటకంగా కలిపేవాడు. మరీ ఎర్రబడితే వేడినీళ్ళనూ చన్నీళ్ళనూ విడివిడిగా కలిపేవాడు. ఈ విధానం గురించి విని పక్క ఊరి కేథలిక్కులు కూడా చూడటానికి వచ్చారు. రెండోసారి రాలేదు గానీ, చాలా బాగుందన్నారు.

డెల్విన్ ప్రతి బుధవారం ప్రకటన శ్రద్ధగా వినేవాడు. తల ఊపేవాడు. "మంచి మాట," అనేవాడు. ఆ తరువాత కోటు దగ్గరకు వెళ్ళి శాండ్‌విచ్ తెచ్చుకునేవాడు. సగటును ఎవరూ పళ్ళెంలో వడ్డించుకోలేరని ఆయన మాతో ఒక్కసారి కూడా అనలేదు.

ఆర్డిస్ పోయి ఏడాది తిరిగిన బుధవారం, యంత్రాన్ని ఆమె పేరిట లాంఛనంగా అంకితం చేయాలనుకున్నాం. గోడ మీద ఆమె ఫొటో, ఫొటో కింద చిన్న బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద టేపులు చుట్టుకున్న యంత్రం. డెల్విన్ టై కట్టుకుని వచ్చాడు. గేలెన్ ఎప్పటిలాగే గంట కొట్టి, మొత్తం మీద ఫరవాలేదని ప్రకటించాడు. ఆ రోజు ఖర్జూరం బిళ్ళల అంకె ఎంతో నాకు తెలుసు. గేలెన్‌కు తెలుసు. పాస్టరు గారికి తెలుసు. తెలియనిది వెర్నాకు.

అందుకే వెర్నా పెద్ద పళ్ళెంతో నేరుగా డెల్విన్ దగ్గరకు వచ్చింది.

"ఇదిగో డెల్విన్. ఇవాళ నీ కోసమని వేరుగా చేశా. ఆర్డిస్‌కి ఇవంటే ప్రాణం. తీసుకో."

"అబ్బే, నాకెందుకు వెర్నా. మిగతావాళ్ళకి పెట్టు."

అది మొదటిసారి. హాల్లో మాటలు సన్నగిల్లాయి.

"మిగతావాళ్ళకి బోలెడున్నాయి. ఒక్కటి."

"నిజంగా కడుపు నిండుగా ఉంది."

రెండోసారి. నేను ముందుకు జరిగి, "ముందు ఆయన్ని కాఫీ తాగనివ్వండి వెర్నా," అన్నాను. నాకు చేతనైన అరుపు అదే. పాస్టరు గారు అప్పటికే చేసేసిన భోజన ప్రార్థనను మళ్ళీ మొదలుపెట్టింది. అందరూ తలలు వంచారు. ఆవిడ వాన గురించి, పంటల గురించి, పొరుగు దేశాల గురించి ప్రార్థించింది. చివరకు ఊపిరి అందక ఆమెన్ అనవలసి వచ్చింది. తల ఎత్తి చూస్తే వెర్నా కదల్లేదు. పళ్ళెమూ కదల్లేదు.

"ఏడాదిగా చూస్తున్నా నిన్ను," అంది వెర్నా, గొంతు తగ్గించి. "ఆ ఎండు రొట్టె తింటూ ఆ చివర కూర్చుంటావు. ఇన్నాళ్ళూ పల్లీల భయమనుకున్నా. యంత్రం వచ్చింది కదా. ఫరవాలేదంది కదా. లేకపోతే నా చేతి తిండి నీకు పనికిరాదా?"

డెల్విన్ గేలెన్ వైపు చూశాడు. "ఫరవాలేదా గేలెన్?"

గేలెన్ చేతిలో గంట ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "మొత్తం మీద చూస్తే… ఫరవాలేదనే అనుకోవచ్చు."

డెల్విన్ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆ మాటకు అర్థం ఏమిటో హాల్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన వెర్నా మొహం చూశాడు, ఆర్డిస్ ఫొటో చూశాడు, ఒక బిళ్ళ తీసుకుని తిన్నాడు.

"చాలా బాగుంది వెర్నా," అన్నాడు.

కాసేపటికి లేచాడు. పక్కవాళ్ళకి అడ్డు వచ్చినందుకు క్షమాపణ చెబుతూ, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి, కోట్ల గదిలోకి వెళ్ళాడు. వండినావిడ ఎదుట సూది పొడుచుకోవడం బాగుండదని వెళ్ళాడట. ఆయన మెడ ఎర్రబడటం మేం ముగ్గురం చూశాం. ఇప్పుడు వెంట పరుగెత్తితే వెర్నాకు అర్థమైపోతుందని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

పరుగెత్తింది వెర్నా. మేం వెళ్ళేసరికి డెల్విన్ గొడుగుల మధ్య నేల మీద ఉన్నాడు, చేతిలో సూది మూత తెరవలేక. వెర్నా ఆ మూత పళ్ళతో లాగి, ఆయన మంచి ప్యాంటు మీదుగానే తొడలోకి సూది దింపింది.

"బిళ్ళలు… చాలా…" అన్నాడు డెల్విన్, వాచిన పెదాలతో.

"నోరు మూసుకో డెల్విన్," అంది వెర్నా. "ఊపిరి పీల్చు. ఎవరండీ అక్కడ, అంబులెన్స్!"

మా ఊరి అంబులెన్స్ నడిపేది స్వచ్ఛంద సేవకులు. వాళ్ళందరూ ఆ హాల్లోనే హాట్‌డిష్ తింటున్నారు. పళ్ళేలు దింపి వచ్చారు. (ఒకాయన తన పళ్ళెం మీద రుమాలు కప్పి మరీ వచ్చాడు. సగటున అది కూడా వేగమే.)

డెల్విన్ బతికాడు. జిల్లా ఆసుపత్రిలో పెట్టారు. మర్నాడు వెర్నా చర్చి వంటగదికి వచ్చి మా ఉపసంఘాన్ని పిలిపించింది. తన ఖర్జూరం బిళ్ళ ఒకటి నలిపి, ద్రవంలో కలిపి, పట్టీ మీద చుక్క వేసింది. యంత్రం మీది టేపులు గోటితో ఒక్కొక్కటే ఊడదీసింది. యంత్రం ఇన్నాళ్ళూ దాచుకున్న గొంతుతో కూసింది.

"నా బిళ్ళల్లో పల్లీలు వెయ్యనే," అంది వెర్నా. ఎర్ర దీపం వైపే చూస్తోంది. అంతలో తనే అంది: "కత్తి. మా ఆయన పొద్దున్నే రొట్టెకి పల్లీల ముద్ద రాసుకునే కత్తి. దాన్నే తుడిచి వీటిని కోస్తా." తల ఎత్తింది. "ఇది ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

పాస్టరు గారు కడిగిన కప్పునే మళ్ళీ కడగసాగింది.

"ఎవరెవరికి తెలుసు?"

గేలెన్ గొంతు సవరించుకున్నాడు. "మొత్తం మీద చూస్తే వెర్నా… సగటున ఎవరికీ తెలీదు."

వెర్నా ఏడుస్తుందనుకున్నాం. అరుస్తుందనుకున్నాం. చర్చి వదిలి వెళ్ళిపోతుందనుకున్నాం. ఇవన్నీ జరగకూడదనే కదా అంత విధానం కట్టుకుంది. ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినీ తేరిపార చూసి ఒకటే మాట అంది.

"చెబితే ఇంకో కత్తి తీసుకునేదాన్ని కదా."

దీన్ని మేం 'ఒక సభ్యురాలి సూచన' అని రాసుకుని సమావేశం ముగించాం.

డెల్విన్‌ను ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళి వెర్నా ఏం మాట్లాడిందో నాకు తెలియదు. గది బయట కూర్చున్న నాకు చివర్లో రెండు మాటలు వినిపించాయి. "వద్దంటే నొచ్చుకుంటావేమోనని," అన్నాడాయన. "చస్తే నొచ్చుకోనా, పిచ్చి మనిషీ?" అంది ఆవిడ.

వెర్నా కొత్త కత్తి కొనుక్కుని, కొలతల బాధ్యత తనే తీసుకుంది. గేలెన్ గంట ఇచ్చేసి హాయిగా నిట్టూర్చాడు. తరువాతి బుధవారం టేపులు లేని యంత్రాన్ని వెర్నా వంటగదిలో కాదు, బల్ల దగ్గరే, అందరి ముందూ పెట్టింది.

"క్యారెట్లు బాగున్నాయి. డెల్విన్, వడ్డించుకో. బన్నులు బాగున్నాయి, వడ్డించుకో. జానీస్, నీ హాట్‌డిష్ ఎరుపు. మీ ఇంట్లో గరిటెలు కలిసిపోతున్నాయి, చూసుకో."

హాలు చల్లబడిపోయింది. జానీస్ తన హాట్‌డిష్ వైపు చూసి, అది పరాయివాళ్ళదైనట్టు కొంచెం దూరం జరిగింది. "చెప్పినందుకు చాలా సంతోషం వెర్నా," అంది. ఇంత కఠినమైన మాట మా నేలమాళిగలో నేనెన్నడూ వినలేదు. ఆ తరువాత మరికొన్ని గిన్నెలు ఎర్రబడ్డాయి. వాటన్నిటి సొంతదారులూ చాలా సంతోషించారు. ఎవరూ గొంతు ఎత్తలేదు, ఎవరూ లేచి వెళ్ళలేదు. కాఫీ దగ్గర మాత్రం చాలామంది వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

డెల్విన్ ఆవేళ క్యారెట్లు, బన్ను, కొత్త కత్తితో కోసిన ఖర్జూరం బిళ్ళ పళ్ళెంలో పెట్టుకుని, బల్ల చివర కాదు, మధ్యలో వెర్నా పక్కన కూర్చుని తిన్నాడు. ఒక్కో ముక్కా నెమ్మదిగా నమిలాడు. క్యారెట్లు మరికాసిని వేసుకోమంటే మొదటిసారి అడగగానే వేసుకున్నాడు. ఇది చూసి కొందరు ఆశ్చర్యపోయారు.

ఆ వారంలోనే ఉపసంఘం మరో నియమం చేసింది. పరీక్షించేవారే వండి తేవడం న్యాయం కాదు కాబట్టి, కొలతల బాధ్యులు ఇకపై వంటకం తేరాదు. వెర్నా మనసు నొప్పించకుండా, ఆవిడ పనిభారం తగ్గించడానికని చెప్పాం. తరువాతి బుధవారానికి ఏమేం తెస్తారో ఎప్పటిలాగే చర్చి తలుపు దగ్గరి కాగితం మీద ఎవరికి వారు రాశారు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. ఎవరి వల్లా ఎవరికీ ఇబ్బంది కలగకూడదని మాత్రం ప్రతివారూ విడివిడిగా అనుకున్నారు.

బుధవారం వచ్చింది. ఇక అవసరం లేదని డెల్విన్ శాండ్‌విచ్ తెచ్చుకోలేదు. వెర్నా బల్ల మీది వాటన్నిటినీ వరసగా పరీక్షించింది: కాఫీ, ఇంకొక కాఫీ, చక్కెర, కెఫీన్ తీసేసిన కాఫీ, కాగితపు రుమాళ్ళు. (రుమాళ్ళు నావి.) ఒక్కటి కూడా ఎర్రబడలేదు. మా చర్చి చరిత్రలోనే అంత నిర్మలమైన బల్ల లేదని పాస్టరు గారు కన్నీళ్ళతో కృతజ్ఞతా ప్రార్థన చేసింది. అందరం ఖాళీ పళ్ళేలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నాం. ఆ సాయంత్రం డెల్విన్ ఏం తిన్నాడో, మేమందరమూ అదే తిన్నాం.